స్కాన్ ప్రతి – పాఠ ప్రామాణ్యం: సవరణ ఎక్కడ జరగాలి?

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య పరిశోధనలో ఆకర గ్రంథం అనే మాటకు అర్థం గత రెండు దశాబ్దాలలో మారిపోయింది. ఒకప్పుడు పరిశోధకుడు గ్రంథాలయానికి వెళ్లి తాళపత్రాన్నో, కాగితపు ప్రతినో, తొలి ముద్రణనో ఎదుట పెట్టుకొని పాఠాన్ని ఎత్తి రాసుకొనేవాడు. ఇప్పుడు ఆ పనిలో అధిక భాగం స్కాన్ చేసిన ప్రతి మీద సాగుతున్నది. ఇది మంచి మార్పే. ఏ ఊళ్లోనో అలమరలో ఉన్న పుస్తకం ఇంటి బల్ల మీదికి వచ్చింది. అయితే సిద్ధాంత గ్రంథాల పాదసూచికల్లో ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య మాత్రమే కనిపిస్తాయి. పరిశోధకుడు చూసినది అచ్చు పుటనా, దాని స్కాన్ ప్రతినా, ఆ స్కాన్ ప్రతి ఎటువంటి సవరణలకు లోనైనది అన్న సమాచారం ఎక్కడా ఉండదు. స్కాన్ ప్రతిని మూలానికి అద్దంగా భావించడమే దీనికి కారణం.

ఆ భావన సరైనది కాదని, స్కాన్ ప్రతి కూడా ఒక ‘ప్రతి’ మాత్రమేనని, లేఖకుడు ఎత్తి రాసిన ప్రతికి వర్తించే విమర్శ సూత్రాలన్నీ దీనికీ వర్తిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆ ప్రతిపాదనను ఒక చిన్న సాంకేతిక ప్రశ్న ఆధారంగా పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం. స్కాన్ చేసిన పుటలోని వెలుగును, కాంట్రాస్టును, మరకలను సరిదిద్దవలసి వచ్చినప్పుడు ఆ పని స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేయాలా, లేక స్కాన్ పూర్తయ్యాక ఫొటో ఎడిటర్‌లో చేయాలా? పైకి ఇది యంత్రం నడిపే వారి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే, పాఠాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎప్పుడు నిర్ణయిస్తున్నారు, ఆ నిర్ణయానికి జాడ మిగులుతున్నదా అన్న మౌలిక ప్రశ్నలు దీనిలో ఇమిడి ఉన్నాయి.

స్కానర్ లోపల జరిగే పని

సమాధానానికి ముందు యంత్రం చేసే పని ఏమిటో తెలియాలి. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లోని సెన్సర్ పుట నుంచి తిరిగివచ్చే కాంతిని కొలుస్తుంది. ఆ కొలతను అంకెలుగా మార్చేటప్పుడు నేటి స్కానర్లు చాలావరకు ఒక్కొక్క రంగుకు 16 బిట్లు కేటాయిస్తాయి. అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి 65,536 మెట్లు. కాని మనం సాధారణంగా భద్రపరచే ఫైలులో ఒక్కొక్క రంగుకు 8 బిట్లు, అంటే 256 మెట్లే ఉంటాయి. కేవలం నలుపు-తెలుపు పద్ధతిలో భద్రపరిస్తే మిగిలేది ఒకే బిట్టు, రెండే మెట్లు.

స్కానింగ్ సాఫ్ట్‌వేర్ తెర మీద వెలుగు, కాంట్రాస్ట్, లెవెల్స్, పదును పెంచడం, దుమ్ము తొలగించడం వంటి మీటలెన్నో కనిపిస్తాయి. వీటిని కదిపితే యంత్రమే పుటను వేరుగా చదువుతున్నదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి రెజల్యూషన్, కొన్ని నమూనాలలో కాంతి గ్రహణ కాలం వంటి కొద్ది విషయాలను మినహాయిస్తే, ఈ మీటలు సెన్సర్ పనిని మార్చవు. అవి గ్రహణం పూర్తయ్యాక అంకెల మీద జరిగే లెక్కలు. ఫొటో ఎడిటర్ చేసేవీ ఆ లెక్కలే. కాబట్టి రెండింటి మధ్య తేడా లెక్కలో లేదు, ఆ లెక్క ఏ దశలో జరిగిందన్న దానిలో ఉన్నది.

స్కానింగ్ సాఫ్ట్‌వేర్ పక్షాన ఉన్న బలమైన వాదం ఇక్కడే పుడుతుంది. వెలిసిపోయిన అచ్చు పుటను తీసుకొందాం. కాగితం పసుపెక్కి, సిరా బూడిద రంగుకు తిరిగినందువల్ల ఆ పుటలోని సమాచారమంతా 256 మెట్లలో 120 నుంచి 200 వరకు, ఎనభై మెట్ల ఇరుకులో ఉన్నదనుకొందాం. 8 బిట్ల ఫైలును ఫొటో ఎడిటర్‌లో తెరిచి ఈ ఎనభై మెట్లను పూర్తి విస్తృతికి సాగదీస్తే మెట్ల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. అదే సవరణను స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే, లెక్క 16 బిట్ల సమాచారం మీద జరుగుతుంది. ఆ ఇరుకులోనే దాదాపు ఇరవై వేల మెట్లు ఉంటాయి కనుక సాగదీసినా ఖాళీలు రావు. 8 బిట్లకు కుదించడం ఆ తరువాత జరుగుతుంది. అందువల్ల 8 బిట్ల ఫైలునే భద్రపరచదలచినవారికి, స్థూల సవరణ స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేయడమే మేలన్న వాదం సాంకేతికంగా సరైనదే.

అయితే ఈ వాదానికి ఆధారం సాఫ్ట్‌వేర్ గొప్పతనం కాదు, సమాచార సమృద్ధి. 16 బిట్ల ఫైలునే భద్రపరిస్తే ఆ సమృద్ధి ఫొటో ఎడిటర్‌కూ లభిస్తుంది. వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ వంటి స్కానింగ్ సాఫ్ట్‌వేర్లు సెన్సర్ ఇచ్చిన అంకెలను సవరణ లేకుండా ‘రా’ ఫైలుగా భద్రపరచే వీలు కల్పిస్తున్నాయి. ఫొటోషాప్, గింప్ వంటివి 16 బిట్ల ఫైళ్ల మీద పనిచేయగలవు. అప్పుడు స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఉన్న ఏకైక ఆధిక్యం తొలగిపోతుంది, దాని లోపం మాత్రం మిగులుతుంది. స్కానింగ్ దశలో చేసిన సవరణను వెనక్కు తీసుకొనే వీలు లేకపోవడమే ఆ లోపం.

హద్దు గీత – అక్షర నష్టం

వెనక్కు తీసుకోలేని సవరణలన్నిటిలో తీవ్రమైనది పుటను కేవల నలుపు-తెలుపులకు మార్చడం. ఒక హద్దు నిర్ణయమవుతుంది. దానికన్నా చిక్కనిదంతా నలుపు, పలచనిదంతా తెలుపు. నొబుయుకి ఒట్సు 1979లో ప్రతిపాదించిన పద్ధతి ఈ హద్దును హిస్టోగ్రామ్ ఆధారంగా లెక్కకడుతుంది. కాని పుట మొత్తానికి ఒకే హద్దు పెట్టినప్పుడు, ఒక మూల చెమ్మ మరక, మరో మూల వెలిసిన సిరా ఉన్న పుటలో అది రెండు చోట్లా సరిపోదు. హద్దు ఒక వైపు జరిగితే సన్నని గీతలు మాయమవుతాయి, మరో వైపు జరిగితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

రోమన్ లిపిలో ఈ నష్టం చాలాచోట్ల అక్షర సౌష్ఠవానికి పరిమితం. తెలుగు లిపిలో అది నేరుగా అక్షర భేదానికి దారితీస్తుంది. మన లిపిలో అక్షరానికి అక్షరానికి మధ్య తేడా తరచుగా ఒక చుక్క, ఒక నిలువు గీటు, ఒక చిన్న కలయిక. ఠకారానికి రేఫకు తేడా లోపలి చుక్క. థకారానికి ధకారానికి తేడా కూడా అదే. ఫకారాన్ని పకారం నుంచి, ఛకారాన్ని చకారం నుంచి వేరుచేసేది కింది ఒత్తు గీటు. ప, వల మధ్య తేడా తలకట్టు అక్షరానికి అతుక్కొన్నదా లేదా అన్నదే.

స్కానింగ్ సాఫ్ట్‌వేర్లలోని ‘దుమ్ము తొలగింపు’ మీటను ఈ దృష్టితో చూడాలి. విడిగా నిలిచిన చిన్న నల్లని మచ్చలను దుమ్ముగా భావించి తుడిచివేయడం దాని పని. ఠకారంలోని చుక్క కూడా విడిగా నిలిచిన చిన్న నల్లని మచ్చే. అచ్చులో ఆ చుక్క అడ్డుకొలత మిల్లీమీటరులో మూడో వంతు అనుకొంటే, అంగుళానికి 600 పిక్సెళ్ల స్కానులో అది దాదాపు 8 పిక్సెళ్లు, 300 పిక్సెళ్ల స్కానులో 4 పిక్సెళ్లు. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదు. మచ్చ పరిమాణం ఒక్కటే దానికి తెలుసు. అది ‘పాఠము’లోని చుక్కను తుడిచితే మిగిలేది ‘పారము’. అక్కడ పొరపాటు కనిపించదు, ఒక సార్థకమైన పదం కనిపిస్తుంది. ‘ఫలము’లోని గీటు పోతే ‘పలము’, ఒక తూనిక పేరు. ‘ఛాయ’లోని గీటు పోతే ‘చాయ’. ఇక్కడ తత్సమం తద్భవంగా మారింది. కవి పదప్రయోగాన్ని గురించి గణాంకాలు తయారుచేసే పరిశోధకునికి ఇది చిన్న నష్టం కాదు.

అర్ధబిందువు విషయంలో నష్టం ఇంకా సూక్ష్మమైనది. ‘వీఁడు’ అంటే ఇతడు, ‘వీడు’ అంటే పట్టణం. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ ఒక సంఖ్య. అరసున్న రాలిపోతే ఈ భేదం పోతుంది. అరసున్న నోరు పూడుకుపోయి నిండుసున్నగా కనిపిస్తే మరో చిక్కు వస్తుంది. ‘తలఁచు’, ‘తలంచు’ రెండూ సాధురూపాలే. పద్యంలోనైతే మొదటిది న గణం, రెండవది జ గణం కనుక ఛందస్సు తప్పును పట్టిస్తుంది. గద్యంలో పట్టించే సాధనం లేదు. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక వంటి గద్యకృతి తొలి ముద్రణలను ఆధారం చేసుకొని బిందు ప్రయోగాన్ని పరిశీలించేవారికి హద్దు గీత ఎక్కడ గీశారన్నది పాఠ నిర్ణయంతో సమానం.

ఛందస్సు పట్టించలేని పొరపాట్లు

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. తెలుగు పాఠపరిష్కర్తకు పరంపరగా వచ్చిన పరీక్షలు గణం, యతి, ప్రాస, వ్యాకరణం, అర్థం. లేఖక దోషాలను అధికంగా ఈ పరీక్షలే పట్టిస్తూ వచ్చాయి. స్కాన్ దోషాల మీద ఇవి ఎంతవరకు పనిచేస్తాయి?

‘పాఠము’, ‘పారము’ రెండూ భ గణాలే. ‘ఫలము’, ‘పలము’ రెండూ న గణాలే. గణ పరీక్ష ఇక్కడ నిష్ఫలం. యతి పరీక్షకు వస్తే ప, ఫ, బ, భ, వ ఒకే యతి వర్గానికి చెందినవి. చ, ఛలకు, థ, ధలకు కూడా యతి చెల్లుతుంది. అంటే యతిస్థానంలో ఒత్తు గీటు రాలినా, ‘పాడి’ కాస్తా ‘వాడి’గా మారినా యతి భంగం కాదు. ప్రాస పరీక్ష రెండవ అక్షరానికే పరిమితం. మిగిలినవి వ్యాకరణం, అర్థం. పైన చూపిన ఉదాహరణలలో రెండు రూపాలూ సాధువులే, రెండూ సార్థకాలే.

కనుక నలుపు-తెలుపు స్కానింగు కలిగించే అక్షర భ్రంశాలు సరిగ్గా మన సంప్రదాయ పరీక్షల వలలో పడని రకానికి చెందినవి. తాటాకు మీద రాసే లేఖకుడు పదాన్ని వదిలివేస్తాడు, పాదాన్ని దాటవేస్తాడు, తెలిసిన పదాన్ని తెలియని పదం స్థానంలో చేరుస్తాడు. ఆ దోషాల వెనుక ఒక మనస్సు ఉంటుంది కనుక పరిష్కర్త దానిని ఊహించగలడు. యంత్రం చేసే దోషం వెనుక మనస్సు లేదు. ఇటువంటి రూపభేదాలను ‘యంత్రజనిత పాఠభేదాలు’గా ప్రత్యేకించి గుర్తించవలసిన అవసరం ఉన్నది. అవి ఏ ప్రతిలోనూ లేని పాఠాలు. వాటిని పాఠభేదాల పట్టికలో చేర్చితే లేని ఒక ప్రతిశాఖను సృష్టించినట్లవుతుంది.

ఈ ఆందోళన ఊహాజనితం కాదనడానికి అన్య రంగంలోని ఒక ఉదంతం చాలు. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీసెల్, జెరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలతో స్కాన్ చేసిన ప్రతులలో అంకెలే మారిపోతున్నాయని బయటపెట్టాడు. కొన్నిచోట్ల 6 స్థానంలో 8 కనిపించింది. ఫైలు పరిమాణాన్ని తగ్గించడానికి వాడిన జెబిగ్-2 కుదింపు పద్ధతి, ఒకదానికొకటి పోలిన ఆకారాలను ఒకటిగా ఎంచి ఒకే అచ్చును అన్నిచోట్లా అతికించడం దీనికి కారణం. అక్కడ అంకె మసకబారలేదు, స్పష్టంగా, అందంగా ఉన్నది. తప్పుగా ఉన్నది. ఆకారసామ్యం అధికంగా గల తెలుగు అక్షరాలకు ఇటువంటి కుదింపు ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఫొటో ఎడిటర్ నిర్దోషి కాదు

పై చర్చ వల్ల ఫొటో ఎడిటరే శరణ్యమన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. ఫొటో ఎడిటర్‌లోనూ అవే మీటలు ఉన్నాయి, ఇంకా ఎక్కువ ఉన్నాయి. పదును పెంచే అన్‌షార్ప్ మాస్క్‌ను అతిగా వాడితే అక్షరాల అంచుల వెంట తెల్లని అంచుపట్టీ ఏర్పడి సన్నని గీటును మింగివేస్తుంది. వంకరగా వచ్చిన పుటను నిటారు చేసిన ప్రతిసారీ పిక్సెళ్లన్నీ కొత్తగా లెక్కకట్టబడతాయి. రెండు మూడుసార్లు తిప్పితే అంచులు మెత్తబడతాయి. జెపెగ్‌గా మళ్లీ మళ్లీ భద్రపరిస్తే ప్రతిసారీ కొంత సమాచారం పోతుంది, అక్షరాల చుట్టూ గళ్లగళ్లుగా మచ్చలు చేరతాయి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం క్లోన్ పనిముట్టు. మరకను తొలగించే ఉత్సాహంలో మరక కింది అక్షరాన్ని పక్క అక్షరం సాయంతో ‘పూరించడం’ దీనితో సులభం. పరిభాషలో చెప్పాలంటే అది పాఠపూరణం. పరిష్కర్త చేసే పాఠపూరణం కుండలీకరణాల మధ్య ఉంటుంది, అధోజ్ఞాపికలో వివరణ ఉంటుంది. క్లోన్ పనిముట్టు చేసే పూరణం కాగితం నుంచి మొలిచినట్లే ఉంటుంది.

అయినా ఫొటో ఎడిటర్ దశకు ఒక సహజమైన సౌలభ్యం ఉన్నది. అక్కడికి వచ్చేసరికి ఒక మూల ఫైలు ఉంటుంది. దాన్ని తాకకుండా నకలు మీద పనిచేయవచ్చు. సవరణలను వేర్వేరు పొరలుగా ఉంచి, కావలసినప్పుడు తొలగించి చూడవచ్చు. స్కాన్‌టెయిలర్ వంటి ప్రత్యేక సాధనాలు మూలచిత్రాలను యథాతథంగా ఉంచి, ఏ పుటకు ఏ హద్దు పెట్టారు, ఎంత తిప్పారు అన్న వివరాలను వేరొక ప్రాజెక్టు ఫైలులో నమోదు చేస్తాయి. మరుసటి పరిశోధకుడు హద్దును మార్చి ఠకారం తిరిగి వస్తుందేమో పరీక్షించవచ్చు. స్కానింగ్ దశలోనే నలుపు-తెలుపు చేసినవారు ఆ అవకాశాన్ని శాశ్వతంగా మూసివేస్తున్నారు.

ప్రతివిమర్శలో రెండు దశలను వేరుచేసి చూడడం అలవాటు. మొదటిది లభ్యమైన ప్రతులను సేకరించి, పోల్చి, సాక్ష్యాన్ని సిద్ధపరచడం. రెండవది ఆ సాక్ష్యం ఆధారంగా పాఠాన్ని సవరించడం. 1941లో ఎస్. ఎం. కాత్రే భారతీయ ప్రతివిమర్శ మీద రచించిన గ్రంథం మొదలుకొని మన విశ్వవిద్యాలయాల సంశోధిత ముద్రణల వరకు ఈ విభజనను పాటిస్తూనే వచ్చాం. స్కానింగు మొదటి దశ, ఫొటో ఎడిటర్ రెండవ దశ. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో సవరణ చేయడమంటే సాక్ష్యం సేకరిస్తూనే తీర్పు చెప్పి, ఆ తరువాత సాక్ష్యాన్ని పారవేయడం.

రంగు ఒక సాక్ష్యం

‘అక్షరం నల్లనిది, కాగితం తెల్లనిది, రంగుతో మనకేమి పని’ అన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. పాత పుస్తకాల మీద గ్రంథాలయాల రబ్బరు ముద్రలు దీనికి సమాధానం. ఆ ముద్ర చాలాసార్లు ముఖపత్రం మీద, ముద్రణాలయం పేరు, సంవత్సరం ఉన్నచోటే పడుతుంది. నలుపు-తెలుపు స్కానులో నీలిరంగు ముద్ర, దాని కింది నల్లని అక్షరం ఒకే ముద్దగా మారతాయి. రంగులో స్కాన్ చేసి ఉంటే, ఫొటో ఎడిటర్‌లో నీలం ఛానెల్‌ను మాత్రమే తెరిస్తే చాలు. నీలి సిరా నీలి కాంతిని తిప్పి పంపుతుంది కనుక ఆ ఛానెల్‌లో ముద్ర పలచబడి నల్లని అచ్చు పైకి తేలుతుంది. గోధుమ రంగు చెమ్మ మరక విషయంలో ఎరుపు ఛానెల్ ఇదే పని చేస్తుంది. ముద్రణ సంవత్సరం తెలియక వాదోపవాదాలు జరిగే చోట ఈ చిన్న ఉపాయం విలువ పరిశోధకులకు తెలుసు.

లిఖిత ప్రతుల విషయంలో రంగు మరింత ముఖ్యం. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరానికి మసి పట్టించినప్పుడే అది నల్లగా కనిపిస్తుంది. మసి రాలినచోట గీత మాత్రం ఉంటుంది, దాని ఛాయ ఆకు ఛాయకు అతి చేరువగా ఉంటుంది. ఆ స్వల్ప భేదం రెండు మెట్లలో ఇమడదు. కాగితపు ప్రతులలో తరువాతి చేతి సవరణను తెలిపేది తరచుగా సిరా ఛాయ మాత్రమే. 1909లో మానవల్లి రామకృష్ణకవి వెలువరించిన నన్నెచోడుని కుమారసంభవం ప్రామాణికతను గురించి సాగిన సుదీర్ఘ వాదాన్ని స్మరించుకొంటే, కావ్యం పుట్టుకనే ప్రశ్నించే సందర్భాలలో ప్రతి భౌతిక స్వరూపం ఎంత విలువైన సాక్ష్యమో బోధపడుతుంది. రేపు అటువంటి వాదం మరొక కృతి విషయంలో తలెత్తి, అప్పటికి ఆకు శిథిలమై నలుపు-తెలుపు స్కాను మాత్రమే మిగిలితే, ఉభయ పక్షాలకూ చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ సందర్భంలో మరో మాట చెప్పాలి. కొన్ని లోపాలకు చికిత్స రెండు సాఫ్ట్‌వేర్లలోనూ లేదు. పలుచని కాగితంలో వెనుక పుట అక్షరాలు ఇవతలికి కనిపిస్తుంటే, స్కాన్ చేసే ఆకు వెనుక ఒక నల్లని కాగితం ఉంచడం ఏ హద్దు సర్దుబాటు కన్నా మంచి ఫలితమిస్తుంది. వంగిన తాటాకును సి.ఐ.ఎస్. సెన్సర్ గల పలుచని స్కానర్ మీద పెడితే అద్దానికి ఎడంగా ఉన్న భాగం మసకబారుతుంది. తగినంత దృష్టిలోతు గల సి.సి.డి. స్కానరో, కెమెరానో వాడవలసిందే. గ్రహణ దశలో పోయిన స్పష్టతను ఏ పదును మీటా తిరిగి తేలేదు. అందుచేత స్కానింగు దశలో చూపవలసిన శ్రద్ధ మీటల మీద కన్నా కాంతి, కాగితం, అద్దం శుభ్రత మీద ఉండాలి.

భారీ ప్రణాళికల అనుభవం

తెలుగు గ్రంథాల స్కానింగును విమర్శించేటప్పుడు చారిత్రక పరిస్థితులను విస్మరించరాదు. రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఆరంభించిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల భాగస్వామ్యంతో మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా విస్తరించింది. వేలాది తెలుగు పుస్తకాలు అందరికీ అందుబాటులోకి వచ్చింది దాని వల్లనే. అక్కడ ప్రధానంగా అనుసరించినది అంగుళానికి 600 పిక్సెళ్ల నలుపు-తెలుపు పద్ధతి.

ఆ నిర్ణయానికి హేతువు లేకపోలేదు. అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు గల పుటను 600 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు కోటీ 68 లక్షల పిక్సెళ్లు వస్తాయి. కుదించకుండా భద్రపరిస్తే 24 బిట్ల రంగులో అది సుమారు 50 మెగాబైట్లు, ఒక బిట్టు నలుపు-తెలుపులో సుమారు 2 మెగాబైట్లు. ఇరవై ఏళ్ల కిందటి నిల్వ సామర్థ్యాలను బట్టి చూస్తే ఎంపిక ఇంచుమించు అనివార్యం. అచ్చు చక్కగా ఉన్న పుటలకు 600 పిక్సెళ్ల సాంద్రత, ఛాయలు లేని లోటును కొంతవరకు పూరిస్తుంది కూడా. నష్టపోయినవి వెలిసిన పుటలు, మరకల పుటలు, నాసి అచ్చు పుటలు. దురదృష్టవశాత్తు పరిశోధకునికి స్కాను అత్యంత అవసరమయ్యేది అటువంటి పుస్తకాలకే.

నేడు నిల్వ ఆ స్థాయి సమస్య కాదు. పై పుటనే 400 పిక్సెళ్ల చొప్పున 24 బిట్ల రంగులో స్కాన్ చేస్తే సుమారు 22 మెగాబైట్లు. మూడు వందల పుటల పుస్తకానికి ఏడు గిగాబైట్ల లోపు. ఒక శాఖ గ్రంథాలయంలోని అరుదైన పుస్తకాలకు ఇది భరించదగిన భారమే. అయినా పాత అలవాటు కొనసాగుతున్నది. పుట తెల్లగా, అక్షరం నల్లగా కనిపిస్తే స్కాను ‘శుభ్రంగా’ ఉన్నదని భావించడం దీనికి మూలం. ‘శుభ్రం’ అన్నది చదువరి సౌకర్యానికి చెందిన విలువ, ‘ప్రామాణ్యం’ పరిశోధకునికి కావలసిన విలువ. చదువరి కోసం శుభ్రమైన నకలు తయారుచేయడంలో దోషం లేదు. దానినే మూలప్రతి స్థానంలో నిలపడం దోషం.

సిబ్బంది కొరత, కాలం కొరత ఉన్న గ్రంథాలయాలు పుట పుటకూ ఫొటో ఎడిటర్‌లో కూర్చోలేవన్న ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి సమాధానం పనిని పెంచడంలో లేదు, తగ్గించడంలో ఉన్నది. స్కానింగు దశలో అన్ని స్వయంచాలక సవరణలను ఆపివేసి, పుస్తకం మొత్తానికి ఒకే అమరికతో స్కాన్ చేస్తే పని వేగం పెరుగుతుందే గాని తగ్గదు. సవరణను అవసరమైన పరిశోధకుడు అవసరమైన పుట మీద చేసుకొంటాడు. గ్రంథాలయం బాధ్యత సాక్ష్యాన్ని కాపాడడం వరకే.

స్కాన్ ప్రతికి పుష్పిక

తాళపత్ర లేఖకులు గ్రంథం చివర తమ పేరు, రాసిన సంవత్సరం, ఎవరి కోసం రాసినది పేర్కొనడం, చూసినట్లే రాశానని, లోపాలుంటే మన్నించమని విన్నవించుకోవడం పరిపాటి. ఆ పుష్పిక వినయప్రదర్శన మాత్రమే కాదు. ఈ ప్రతికి, మూలానికి మధ్య ఒక మనిషి చేయి ఉన్నదని చదువరిని హెచ్చరించే ప్రకటన అది. సి. పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులను పోల్పించినప్పటి నుంచి నేటివరకు ప్రతుల కాలనిర్ణయానికి, వంశనిర్ణయానికి ఈ పుష్పికలు ఎంతో ఉపకరించాయి. స్కాన్ ప్రతులకు లేనిది ఇదే. అందులో యంత్రం చేయి ఉన్నది, ఆ మాట చెప్పే వాక్యం లేదు.

కనుక ప్రతి స్కాన్ ప్రతికి ఒక పుష్పికను జోడించడం తెలుగు శాఖలు ఆచరణలోకి తీసుకురావలసిన పద్ధతిగా ప్రతిపాదిస్తున్నాను. అందులో ఉండవలసినవి: ఏ గ్రంథాలయంలోని ఏ సంఖ్య గల ప్రతి, ఏ తేదీన, ఏ స్కానర్‌తో, ఏ సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చేశారు, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు, ఎన్ని బిట్లు, దుమ్ము తొలగింపు, పదును, స్వయంచాలక కాంట్రాస్ట్ మీటలు ఆపి ఉన్నాయా లేదా, ఆ తరువాత ఫొటో ఎడిటర్‌లో ఏయే సవరణలు ఏ క్రమంలో జరిగాయి, సవరించని మూల ఫైలు ఎక్కడ భద్రంగా ఉన్నది. మొదటి పుటకు ముందు ఒక కొలబద్దను, రంగుల పట్టీని కలిపి స్కాన్ చేస్తే అక్షర పరిమాణం, కాగితం ఛాయ కూడా లెక్కకు అందుతాయి. మూల ఫైలు కుదింపు లేని టిఫ్ రూపంలోనో, నష్టం లేని కుదింపుతోనో ఉండాలి.

పరిశోధకుల వైపు నుంచి కూడా ఒక నియమం అవసరం. స్కాన్ ప్రతిని చూసి ఉదాహరించినప్పుడు ఆ విషయాన్ని పాదసూచికలో తెలపాలి. ప్రత్యేకించి బిందువు, ఒత్తు, తలకట్టు మీద ఆధారపడిన వాదం చేసేటప్పుడు ఛాయలు గల స్కానునో, మూలప్రతినో సరిచూడకుండా నిర్ణయానికి రాకూడదు. పర్యవేక్షకులు, పరీక్షకులు ఈ ప్రశ్న అడగడం మొదలుపెడితే నియమం తానే స్థిరపడుతుంది.

ముగింపు

స్కానింగ్ సాఫ్ట్‌వేరా, ఫొటో ఎడిటరా అన్న ప్రశ్నకు సాంకేతిక సమాధానం ఇలా తేలుతుంది. రెజల్యూషన్, బిట్ల సంఖ్య, కాంతి, ఛాయలు కత్తిరింపుకు గురికాకుండా చూడడం – ఇవి స్కానింగు దశలోనే నిర్ణయం కావాలి, ఎందుకంటే అక్కడ పోయినది మరెక్కడా దొరకదు. 8 బిట్లకు మించి భద్రపరచే వీలులేని చోట స్థూలమైన లెవెల్స్ సవరణను కూడా అక్కడే, చివరి మెట్లు తెగిపోకుండా చేయవచ్చు. హద్దు పెట్టడం, మరక తొలగించడం, పదును పెంచడం వంటి వ్యాఖ్యాన స్వభావం గల సవరణలన్నీ ఫొటో ఎడిటర్‌లో, నకలు మీద, నమోదుతో జరగాలి.

అయితే రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది ఉత్తమమన్నది విమర్శకుని అసలు ప్రశ్న కాదు. సవరణ దేని మీద జరిగింది, దాని జాడ మిగిలిందా అన్నదే అసలు ప్రశ్న. పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఆమ్ల గుణం గల కాగితం మీద అచ్చయిన తెలుగు పుస్తకాలు ముట్టుకొంటే పొడి రాలే స్థితికి చేరుతున్నాయి. వాటిలో అనేకం మరొకసారి స్కానర్ అద్దం మీదికి రాలేవు. ఇప్పుడు చేసే స్కానే వాటికి చివరి ప్రతి కావచ్చు. అందులో ఠకారపు చుక్క ఉన్నదో లేదో నిర్ణయించే అధికారం యంత్రపు మీటకు ఇవ్వకూడదు. ఆ నిర్ణయం రాబోయే పరిష్కర్తది. అది అతని చేతికి చేరేలా చూడడం నేటి తెలుగు శాఖల కర్తవ్యం.